పోరుమామిళ్ల చెరువు: పన్నెండు అంగాలు, ఆరు దోషాలు

ప్రాచీన ప్రపంచపు గొప్ప కట్టడాలు అనగానే మన బడిలో చదివిన వాళ్లందరికీ సోషల్ పుస్తకంలోని బొమ్మలే గుర్తొస్తాయి. గిజా పిరమిడ్లు, చైనా గోడ, రోము కాలువలు. ఆ వరుసలో మన కడప జిల్లా పేరు లేదు. ఉండాల్సిందని నా అభిప్రాయం. ముప్పై ఏళ్లుగా నీటిపారుదల పనుల్లో ఉన్నవాణ్ణి కాబట్టి, ఈ స్వర్ణోత్సవ సంచికలో మన గురువులకు, మిత్రులకు ఆ సంగతే చెప్పాలనుకున్నాను.

ముందు గండికోట పేరు చెప్పకపోతే జమ్మలమడుగు మిత్రులు ఊరుకోరు. పెన్న కోసిన లోయ, దాని అంచున కోట, మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం, అన్నీ చూడదగ్గవే. కానీ కోటగోడ పని కదలకుండా నిలబడటం. చెరువు కట్ట పని అంతకన్నా కష్టం. రాత్రీ పగలూ నీళ్లు దాన్ని నెడుతుంటాయి, కింద నుంచి తొలుస్తుంటాయి, వానాకాలంలో పైకెక్కి దూకాలని చూస్తుంటాయి.

ఈ తేడా ఈజిప్టులోనే కనిపిస్తుంది. పిరమిడ్ల కాలంలో, అంటే సుమారు 4,600 ఏళ్ల కిందట, కైరోకు దక్షిణాన ఒక వాగు మీద సద్ అల్ కఫరా అనే ఆనకట్ట మొదలుపెట్టారు. ఎత్తు దాదాపు 14 మీటర్లు, అడుగున మందం 90 మీటర్లకు పైనే. రాతికి, మనుషులకు కొదవ లేదు. అయినా పని పూర్తి కాకముందే వరదకు మధ్యభాగం కొట్టుకుపోయింది. ఎక్కువైన నీళ్లు పోవడానికి మరవ పెట్టిన జాడ అక్కడ లేదు. అంత బరువు మోసే విద్య తెలిసిన వాళ్లకు కూడా నీటికి దారి ఇవ్వడం ఇంకా తెలియలేదన్నమాట.

ఇప్పుడు మన ఊరి వైపు వద్దాం. ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు మీదుగా పోతే పోరుమామిళ్ల. అక్కడ భైరవాలయం ముందు రెండు రాతి పలకల మీద సంస్కృత శ్లోకాల్లో ఒక శాసనం ఉంది. తేదీ క్రీ.శ. 1369. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి ఈ సీమను ఏలుతూ ఇక్కడ చెరువు కట్టించాడు. పేరు అనంతరాజసాగరం. పిరమిడ్లంత పాతది కాదు, నిజమే. కానీ ఇలా కట్టాలి, ఇక్కడ కట్టకూడదు అని పద్ధతి మొత్తం రాయి మీద చెక్కించి పెట్టిన చెరువులు ఎక్కడైనా బహు తక్కువ.

మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటుంది శాసనం. మొదటిది ధర్మాత్ముడు, ధనవంతుడు, కీర్తి కోరే రాజు. మా శాఖ భాషలో నిధుల మంజూరు. అది లేకుంటే మిగతా పదకొండూ కాగితం మీదే! రెండోది జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, అంటే డిజైను ఇంజనీరు. గట్టి బంకనేల, మూడు యోజనాల నుంచి తియ్యని నీళ్లు తెచ్చే ఏరు, పక్కనే పొడుగాటి తిన్నని రాళ్లు దొరికే గని, విశాలమైన లోతైన కడుపు, కింద చదునైన సారవంతమైన పొలాలు కూడా చెప్పారు. చివరి అంగం, చెరువు కట్టడంలో ఆరితేరిన పనివాళ్ల గుంపు. కూలీల నేర్పును రాజు పక్కన లెక్కగట్టిన ఆ శాసనకర్తకు దండం పెట్టాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది కట్ట సంగతి. కొండల నడుమ రాతితో గట్టిగా కట్టాలి, మరీ పొడుగ్గా ఉండకూడదు అంటుంది. పోరుమామిళ్లలో చేసింది అదే. నాలుగు కొండలను మూడు మట్టికట్టలతో కలిపి, నీటి వైపు మన కడప బండలు పరిచారు. మొత్తం పొడవు సుమారు 14,000 అడుగులైతే మనుషులు కట్టింది 4,500 అడుగులే. మిగతా పని కొండలు చేశాయి. శాసనం కొండలతో కలిపి 5,000 రేఖాదండాలు అంటుంది. భాగించి చూస్తే రేఖాదండం మూడడుగులకు కాస్త తక్కువ వస్తుంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, తూము, కట్ట రాతిపనికి వంద బండ్లు, రెండేళ్లలో పూర్తి. ఈ రోజుల్లో రెండేళ్లలో భూసేకరణ ఫైలు కదిలితే గొప్ప.

తర్వాత ఆరు దోషాలు. కట్టలోంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ తాబేటి వీపులాంటి మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, చోటు తక్కువై నీళ్లు ఎక్కువ రావడం. మూడోదాన్ని గురించి కృష్ణా ట్రిబ్యునల్ ఫైళ్లు మోసిన ఏ ఇంజనీరును అడిగినా చెబుతాడు. అయిదోది పులివెందుల మిత్రులకు నేను చెప్పనక్కర్లేదు. బోరు ఎండి చీనీ చెట్లు నరుక్కున్న రైతులు ఆ పక్క ప్రతి ఊరిలో ఉన్నారు.

ఆరోది 2021 నవంబరు 19న మన కళ్లముందే జరిగింది. పైన పింఛ కట్ట తెగింది. చెయ్యేరు వరద రాజంపేట దగ్గరి అన్నమయ్య ప్రాజెక్టు మీద పడింది. ఆ జలాశయంలో పట్టేది రెండు టీఎంసీలకు కాస్త ఎక్కువ. గేట్ల గుండా పోగలిగిన దానికన్నా ఎక్కువ వరద వచ్చి మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్లలో ప్రాణాలు పోయాయి, ఇళ్లు పోయాయి. ఆ వారమంతా నేను ఆ శాసనం అనువాదాన్నే తిరగేస్తూ కూర్చున్నాను. 652 ఏళ్ల కిందట రాయి మీద రాసిన దోషమే అది.

చెరువు కట్టడం ఒక ఎత్తు, కాపాడటం ఇంకో ఎత్తు. మన సీమలో దానికి దశబంధం ఇనాములు ఉండేవి. చెరువు బాగోగులు చూసేవాడికి భూమి అనుభవం ఇచ్చేవారు. చూడకపోతే ఇనాము పోతుంది. నీళ్లు పొలాలకు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. ఆ ఏర్పాటు పోయాక పూడిక తీసేవాళ్లు, వంకకు అడ్డం పడిన కంప కొట్టేవాళ్లు తగ్గారు. ఇప్పుడు చాలా చెరువులకు కట్ట ఉంది, నీళ్లొచ్చే వంక మాత్రం ఎవరిదో ప్లాటులో కలిసిపోయింది.

పోరుమామిళ్ల చెరువు మాత్రం నిలిచింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది కె.సి. కాలువకు, కంభం చెరువుకు కూడా ఆ గుర్తింపు వచ్చింది. అందులో కె.సి. కాలువ నీళ్లు మన ప్రొద్దుటూరు వరిమళ్లలో పారేవే. బాల్యంలో దాంట్లో ఈత కొట్టిన మనలో ఎంతమందికి అది మొదట పడవలు కూడా నడపాలని తవ్విన కాలువ అని తెలుసు?

ఇప్పుడు గండికోటలో 26.85 టీఎంసీల జలాశయం ఉంది. అక్కడి నుంచి కృష్ణ నీళ్లను ఎత్తి పార్నపల్లె దగ్గరి చిత్రావతి జలాశయానికి, పులివెందుల చేలకు పంపుతున్నారు. గట్టి పనే. ఈ కట్టలకు నీరుగంటి ఎవరు, దశబంధం ఏది అని మా శాఖ సమావేశాల్లో నేను అడుగుతూనే ఉన్నాను.

మన సంఘానికి ఒక మనవి. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలను విహారయాత్రకు గండికోటకు తీసుకుపోతున్నారు. వచ్చే ఏడాది పోరుమామిళ్లకు బస్సు పెట్టండి. డీజిలు ఖర్చు మా బ్యాచి భరిస్తుంది. సంస్కృతం సారు వచ్చి ఆ పలకలు చదివితే, కట్ట మీద నిలబడి లెక్క నేను చెబుతాను.