వెన్నులేని పుస్తకాలు

1991లో ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత వచ్చింది. పేరు 'పుట్టుమచ్చ', అచ్చ తెలుగు మాట. 1998లో స్కైబాబ తెచ్చిన ముస్లింవాద కవితా సంకలనం 'జల్‌జలా'. 2004లో కథలు 'వతన్'. మన ఇంటి మాట తెలుగు లిపిలో అట్టమీద కెక్కింది.

టేకులపల్లి లాంటి అడవి అంచు ఊళ్లలో రాస్తున్న మన పిల్లలకి చిన్న పుస్తకాల వరస వేద్దామంటే లెక్క సులువే: పదహారు పేజీల ఫారాలు రెండు, మధ్యలో పిన్నులు. కానీ పిన్ను కొట్టిన పుస్తకానికి వెన్ను ఉండదు. బీరువాలో నిలబెడితే రచయిత పేరు కనపడదు. అందుకే పేరు అట్టమీద పెద్దక్షరాల్లో వేయాలంటాను. "సాయిబుల పిల్లాడివి, నీకు తెలుగెలా వచ్చింది?" అని మెచ్చుకోలుగా అడిగేవాళ్లకీ (వాళ్లకి మరీ) కనపడాలి. దువా, దస్తర్‌ఖాన్ అన్న మాటలకి పేజీ కింద అర్థాలు వేయొద్దు. సంస్కృత సమాసాలకి మనకెవరు వేశారు గనక?