కాలికి పని చెప్పిన మిషను

జుమ్మేరాత్ బజార్లో ఆ కుట్టుమిషను నాకు రెండు ముక్కలుగా కనిపించింది. నల్లటి తల ఒక గోనెపట్టా మీద, ఇనుప స్టాండు నాలుగు దుకాణాల అవతల. స్టాండుకు అప్పటికే ఒక గ్రానైటు పలక ఆనించి ఉంది. ఎవరో హోటలువాళ్ళు టేబులు చేయించుకుందామని బేరమాడి వెళ్ళారట. తలను అడిగినవాళ్ళు లేరు. అది తూకానికి పోతుందని అమ్మేవాడే చెప్పాడు. ఇలా తలా కాళ్ళూ వేరైపోయిన మిషన్లను ఆ సంతలో చాలా చూశాను. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. కుట్టగలిగినదాన్ని కాఫీ కప్పులు మోయడానికి పెట్టడం నాకు మనసొప్పదు.

స్టాండు అడుగున ఉన్న తొక్కుడు పలక దగ్గర కూర్చుని చూశాను. జాలీ అల్లికలా పోతపోసిన ఇనుము, మధ్యలో సింగర్ కంపెనీ పేరు. కుడివైపు అక్షరాలు అరిగిపోయి, వేలితో తడిమితే గులకరాయిలా నున్నగా తగిలాయి. ఎడమవైపువి ఇంకా పదునుగానే ఉన్నాయి. ఎవరో కుడికాలే ఎక్కువ మోపి ఏళ్ళ తరబడి తొక్కారన్నమాట. అక్కడే నిర్ణయం అయిపోయింది. రెండూ కలిపి 4,500 రూపాయలకు బేరం తెగింది.

అప్పటికి నా దగ్గర ఒక చిన్న కరెంటు మిషను ఉంది. చీర ఫాల్ కుట్టినంతసేపూ బాగానే ఉండేది, పరదాబట్ట నాలుగు మడతలు పెడితే మూలిగేది. మా వీధి చివర దర్జీ ఒకరోజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "లోపల ప్లాస్టిక్ పళ్ళచక్రాలమ్మా. నల్లది కొనుక్కోండి, కాలి మిషను. అది అరగాలంటే మీ మనవలు కూడా తొక్కాలి" అన్నాడు. ఆ మాట పట్టుకునే సంతకు వెళ్ళాను.

ఇంటికి తెచ్చాక చక్రం అంగుళం కదల్లేదు. ఎవరో కొబ్బరినూనె పోసి ఉంటారు. అది ఏళ్ళు గడిచాక చింతబంకలా బిగుసుకుపోతుంది. ప్రతి నూనె రంధ్రంలో నాలుగు చుక్కలు కిరోసిను వేసి రాత్రంతా వదిలేశాను. మర్నాడు చక్రం వెంట్రుకవాసి కదిలింది. మూడోరోజు సాయంత్రానికి ఒక చుట్టు తిరిగింది, తేనె రంగు మురికి కారింది. అప్పుడు తుడిచి అసలు మిషను నూనె పోశాను. ఒక్క జాగ్రత్త మాత్రం ముందే తెలుసుకోవడం మంచిదైంది: నల్లరంగు మీది బంగారు పూలను స్పిరిట్‌తో తుడవకూడదు. వాటిమీది లక్కపూత కరిగి, పూలు గుడ్డకు అంటుకొచ్చేస్తాయి. కొద్దిగా మిషను నూనె, మెత్తటి పాత పంచెగుడ్డ చాలు.

తుడుస్తుంటే అడుగుభాగాన నంబరు బయటపడింది. ముందు 'వై' అనే అక్షరం. అంటే స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకు కర్మాగారంలో 1920లలోనో 30ల మొదట్లోనో పుట్టింది. ఆ కర్మాగారం 1980లో మూతపడింది కానీ, అక్కడి రైల్వే స్టేషను పేరు ఇప్పటికీ సింగరే.

సూది కింది పలక విప్పితే పళ్ళ చుట్టూ పీచు దట్టించుకుపోయి ఉంది, కంబళి ముక్కలా. సూదిమొనతో ఎత్తితే పొరలు పొరలుగా లేచింది: మీద తెలుపు, దాని కింద నీలం, ఆ కింద ఖాకీ, అట్టడుగున చిలకపచ్చ. ఎవరి యూనిఫాములో, ఎవరి పెళ్ళి రవికలో. ఆ పొరలను పారేయబుద్ధి కాక కాగితంలో పొట్లం కట్టి మిషను సొరుగులోనే పెట్టాను.

పీచు పోయాక పళ్ళ నడక కనబడింది. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చూశాను. పళ్ళు పైకి లేస్తాయి, గుడ్డను పట్టుకుని ఒక కుట్టు మేర ముందుకు జరుపుతాయి, కిందికి దిగుతాయి, గుడ్డ అడుగునుంచే వెనక్కి వస్తాయి. నాలుగు కదలికలు. దీనికి 1854లో పేటెంటు తీసుకున్నవాడు ఆలెన్ విల్సన్ అనే అమెరికన్. కుట్లన్నీ ఒకే పొడవున పడటమూ, మలుపు దగ్గర గుడ్డ మన చేతి మాట వినడమూ ఈ నాలుగు కదలికల చలవే. ఆయన ఆరోగ్యం బాగుండక, తన పేరు మోసిన కంపెనీనుంచే తొందరగా తప్పుకున్నాడు. ఆయన కనిపెట్టిన నడక మాత్రం ఇవాళ్టి మిషన్లలోనూ అలాగే ఉంది.

తర్వాత సూది దగ్గర దెబ్బతిన్నాను. కొత్త సూది పెట్టి, దారం ఎక్కించి, చక్రాన్ని చేత్తో తిప్పితే ఒక్క కుట్టూ పడలేదు. గుడ్డ మీద చిల్లులు మాత్రం వరసగా పడ్డాయి. బాబిను మార్చాను, టెన్షను మార్చాను, రెండురోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. చివరికి తలను ఆటోలో పెట్టుకుని పాతబస్తీలో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా సూదిని వేళ్ళతో తిప్పి చూశాడు.

"సూది ఉల్టా పెట్టినవ్ బేటీ."

"రెండురోజులైంది చాచా, తల బద్దలవుతోంది."

"మిషన్ల ఏం ఖరాబు లేదు. సూదికి ఒకదిక్కు చదునుంటది. కొక్కెం గా దిక్కే వస్తది. ఇటు చూడు."

ఆయన చక్రాన్ని చీమ నడకంత నెమ్మదిగా తిప్పి చూపించాడు. సూది అడుగుకంటా దిగుతుంది. మళ్ళీ పైకి లేవబోయే ఆ క్షణంలో దారం దాని పక్కన కొంచెం ఉబ్బుతుంది, గోరంత ఉచ్చు. సరిగ్గా అప్పుడే కొక్కెం మొన వచ్చి ఆ ఉచ్చులో దూరి, దాన్ని లాక్కుపోయి బాబిను కేసు చుట్టూ తిప్పి వదిలేస్తుంది. పైదారం కిందిదారాన్ని చుట్టుకుంటుంది. పైనున్న మీట లేచి బిగిస్తుంది. కుట్టు పడింది. సూది తిరగబడితే ఉచ్చు అవతలివైపు ఉబ్బుతుంది, కొక్కెం ఇటువైపు ఖాళీగా పోతుంది. ఎన్నో ఏళ్ళుగా మిషను కుట్టిన బట్టలే కట్టుకుంటున్నాను. ఈ ఉచ్చును చూడటం అదే మొదలు.

ఈ ఉచ్చు కోసం మనుషులు చాలాకాలం అవస్థపడ్డారు. చేతికుట్టులో సూది బట్టకు అటూ ఇటూ పూర్తిగా దూరి బయటికొస్తుంది. యంత్రం చేత అదే చేయించాలని మొదట్లో ప్రయత్నించారు. అది కుదిరే పని కాదు. ఫ్రెంచి దర్జీ బార్తెలెమీ తిమోనియే 1830లో పేటెంటు తీసుకున్న మిషను ఒకే దారంతో గొలుసుకుట్టు వేసింది. గొలుసుకుట్టు మనకు తెలిసిందే. బియ్యం బస్తా మూతి కుట్టు అదే. కొస దొరికితే ఒక్క లాగుకు జరజరా ఊడిపోతుంది. ఆ మిషన్లు 80 పెట్టి పారిస్‌లో సైనికుల దుస్తులు కుట్టడం మొదలుపెడితే, 1831లో అక్కడి దర్జీలు మూకుమ్మడిగా వచ్చి పగలగొట్టారు. తమ నోటి దగ్గర కూడు పోతుందన్న భయం వాళ్ళది. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను. తిమోనియే కూడా దర్జీయే, 1857లో పేదగానే పోయాడు.

కన్నాన్ని సూది మొన దగ్గర పెట్టి, రెండో దారాన్ని కిందినుంచి నాడెతో పంపి, రెండింటినీ పెనవేసే పద్ధతిని 1830ల మొదట్లో న్యూయార్కులో వాల్టర్ హంట్ తయారుచేశాడు. మనం పిన్నీసు అంటామే, ఆ సేఫ్టీపిన్ను కనిపెట్టింది కూడా ఈయనే. కుట్టుమిషనుతో వ్యాపారం పెట్టమని కూతురు కారొలీన్‌ను అడిగితే, చేతికుట్టుతో బతికే ఆడవాళ్ళ పొట్ట కొట్టినట్టవుతుందని ఆ పిల్ల ఒప్పుకోలేదట. హంట్ పేటెంటు తీసుకోకుండానే వదిలేశాడు.

అదే ఆలోచన మళ్ళీ విడిగా తట్టింది ఎలియాస్ హవ్‌కు. మసాచుసెట్స్ మనిషి, బోస్టన్‌లో పరికరాలు చేసే దుకాణంలో పనివాడు. ఒంట్లో బాగుండక ఆయన పని మానితే, భార్య ఇంట్లో కుట్టుపని చేసి ముగ్గురు పిల్లలను సాకింది. ఆవిడ చేతులను చూస్తూ కూర్చుని మిషను ఆలోచించాడని చెబుతారు. 1846 సెప్టెంబరు 10న పేటెంటు వచ్చింది. కానీ అమెరికాలో ఒక్కరూ కొనలేదు. ఇంగ్లండు వెళ్ళి అక్కడా చితికి 1849లో తిరిగొచ్చేసరికి భార్య క్షయతో చివరి గడియల్లో ఉంది. అంత్యక్రియలకు వేసుకోవడానికి మంచి బట్టలు లేక అరువు తెచ్చుకున్నాడట. ఈ మొత్తం కథలో నాకు గుండె కలుక్కుమనే చోటు ఇదే.

హవ్ మిషనులో గుడ్డ నిలువుగా వేలాడేది. దాన్ని ఒక పలక ముళ్ళకు తగిలించాలి, పలక పొడవు కుట్టగానే ఆపి, విప్పి, మళ్ళీ తగిలించాలి. సూది వంకర, చక్రం చేత్తో తిప్పాలి. మన ఇళ్ళలో పెట్టుకోగల వస్తువు కాదది. దాన్ని ఇంటిదాకా నడిపించిన మలుపు 1850లో బోస్టన్‌లో వచ్చింది. నాటకాలు వేసుకుంటూ ఊళ్ళు తిరిగే ఐజాక్ సింగర్ ఒక మెకానిక్ దుకాణంలో మరమ్మతుకు వచ్చిన మిషను చూశాడు. గుడ్డను బల్ల మీద పడుకోబెట్టాలి, సూది తిన్నగా పైకీ కిందికీ ఆడాలి, ఒక ఇనుప పాదం గుడ్డను నొక్కిపట్టాలి అన్నాడు. 40 డాలర్ల అప్పుతో 11 రోజుల్లో చేసి చూపించాడు. 1851 ఆగస్టు 12న పేటెంటు వచ్చింది.

మిషనును పంపే చెక్కపెట్టెనే బోర్లించి బల్లగా వాడుకునేలా చేశాడు సింగర్. దాని కింద కాలితో ఆడించే పలక అమర్చాడు. ఇందులో కొత్తేముందని ఆయనకే అనిపించినట్టుంది, దాన్ని పేటెంటులో చేర్చలేదు. తర్వాత ఎవరో గుర్తుచేసేసరికి చాలా ఆలస్యమైంది. అప్పటికే వాడుకలో పడిపోవడంతో హక్కు దక్కలేదు. నిజమే, కాలితో తొక్కి చక్రం తిప్పడం రాట్నాలకూ సానలకూ తెలిసిందే. మన పోచంపల్లి, మంగళగిరి గుంటమగ్గాల్లోనూ నేతగాడు గుంటలోకి కాళ్ళు పెట్టి తొక్కుతూ పడుగు విడదీస్తాడు, చేతులు నాడె విసరడానికి ఖాళీగా ఉంటాయి. అదే ఉపాయం కుట్టుకు వచ్చింది. చేతిమిషనులో కుడిచెయ్యి చక్రానికి పోతుంది, గుడ్డకు ఎడమచెయ్యి ఒక్కటే మిగులుతుంది. కాలి మిషను రెండు చేతులనూ గుడ్డకు ఇచ్చేసింది. ఎవరి సొత్తూ కాని ఈ పలకే మన భాషలోకి కూడా వచ్చింది. "ఆవిడ మిషను తొక్కి పిల్లలను చదివించింది" అంటాం. సూది పేరూ కొక్కెం పేరూ ఎత్తం.

మిగిలిన భాగాల మీద మాత్రం తగాదాలు ముదిరాయి. హవ్ దావా వేసి 1854లో సింగర్ మీద గెలిచాడు. ఎవరి పేటెంటు వాళ్ళు పట్టుకుని కూర్చుంటే ఎవరూ పూర్తి మిషను అమ్మలేని పరిస్థితి. 1856లో మూడు పెద్ద కంపెనీలూ హవ్ కలిసి హక్కులన్నీ ఒక కుప్పగా పోశారు. ఒక్కో మిషనుకు ఇంతని హవ్‌కు ముట్టేది. అప్పులవాడు కాస్తా ధనవంతుడయ్యాడు, భార్య చూడలేదు. అదే ఏడాది సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ వాయిదాల పద్ధతి పెట్టాడు. కొంచెం కట్టి మిషను ఇంటికి తీసుకెళ్ళి, కుట్టి సంపాదించి మిగతాది కట్టొచ్చు. నా లెక్కలో ఇది ఏ ఇనుపభాగానికీ తక్కువ కాని ఆవిష్కరణ.

ఆ వాయిదాలతోనే మిషను మన దేశంలోనూ పాకింది. 19వ శతాబ్దం చివర్లో ఎన్.ఎం. పటేల్ అనే పార్సీ ఆయన సింగర్ వ్యాపారాన్ని ఇండియా, బర్మా, సిలోనుల్లో నడిపాడు. యంత్రాల గురించి అంత జంకిన గాంధీజీ కూడా 1924లో ఒక విద్యార్థితో మాట్లాడుతూ కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య కష్టం చూడలేక ప్రేమతో సింగర్ దీన్ని చేశాడన్నది ఆయన చెప్పిన కారణం. సింగర్ ఒకేసారి ఒకటికి మించిన సంసారాలు నడిపిన మనిషి. ఆ మాట అతికేది హవ్‌కు. పేరు మారినా, గాంధీజీ పట్టుకున్న విషయం సరైనదే అనుకుంటాను. 1930ల్లో కలకత్తాలో ఉషా మిషను తయారయ్యాక నల్ల మిషను మన ఊరి వస్తువే అయిపోయింది.

ఇక నా మిషనుకు మిగిలింది బెల్టు. పాతది ఎండి పెళుసై విరిగిపోయింది. కొత్త తోలుబెల్టును కింది పెద్ద చక్రం మీదుగా పైచక్రానికి ఎక్కించి, కొలిచి కోసి, రెండు కొసలకూ చిల్లులు పొడిచి ఇనుప కొక్కెంతో కలపాలి. మొదటిసారి వదులైంది, చక్రం జారింది. అర అంగుళం కోసి మళ్ళీ బిగించాను.

తొక్కడం నేర్చుకోవడానికి వారం పట్టింది. చక్రం మనవైపుకు తిరగాలి. ఎదురు తిరిగితే దారం చిక్కుపడి తెగుతుంది. దారం లేకుండా, గుడ్డ లేకుండా, ఉత్త కాళ్ళతో సాధన చేశాను. చాచా చెప్పిన చిట్కా పనిచేసింది: ఒక పాదం ముందు, ఒకటి కొంచెం వెనక, వేళ్ళూ మడమా మార్చి మార్చి మోపడం, మొదటి కదలిక మాత్రం కుడిచేత్తో చక్రానికి అందించడం. ఐదోరోజు కాళ్ళు తమంతట తామే ఆ ఊపు పట్టుకున్నాయి.

మొదట కుట్టింది ఒక దిండు గలేబు, ఆ వెంటనే కరెంటు మిషను చేతులెత్తేసిన పరదా. నాలుగు మడతల అంచును సూది ఆగకుండా దాటింది. బెల్టు కొక్కెం చక్రాన్ని దాటిన ప్రతిసారీ టిక్కుమంటుంది. పక్కగదిలో మా పాప ఆ టిక్కులు లెక్కపెడుతూ, నేను ఎప్పుడు ఆపుతానో చెప్పడానికి ప్రయత్నిస్తోంది.