భౌతిక రసాయన శాస్త్ర లెక్కలు

భౌతిక రసాయన శాస్త్ర నియమాలను అంకెల్లో పెట్టి, ఒక పదార్థం ఎంత ఉందో, ఒక చర్య ఎంతవరకు, ఎంత వేగంగా సాగుతుందో తేల్చే సాధనలివి. మోల్ భావన, వాయు నియమాలు, ఉష్ణగతిక శాస్త్రం, సమతాస్థితి, విద్యుద్రసాయన శాస్త్రం, చర్యావేగం ఇందులో ప్రధాన విభాగాలు. ఇంటర్ విద్యార్థులు వీటిని ‘ఫిజికల్ ప్రాబ్లమ్స్’ అంటారు. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు స్థిరపడిన సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో వీటికి రెండు విధాల ప్రాధాన్యం ఉంది. చదువుకునే పిల్లలకు ఇవి ప్రవేశ పరీక్షలో మార్కులు. ఊళ్లోని అద్దకం మిల్లులకు రోజూ చేయక తప్పని లెక్కలు.

ఆరంభం

జర్మనీకి చెందిన యెరెమియాస్ రిక్టర్ ఆమ్ల క్షారాలు ఏ పాళ్లలో తటస్థమవుతాయో కొలిచి, 1792లో ఆ విద్యకు ‘స్టాయికియోమెట్రీ’ అని పేరు పెట్టాడు. 1811లో అవగాడ్రో చేసిన ప్రతిపాదనను దాదాపు అర్ధ శతాబ్దం ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1860లో కార్ల్స్‌రూహె సమావేశంలో కానిజారో దాని విలువను చాటిన తర్వాతే పరమాణు భారాల లెక్కలు ఒక దారికి వచ్చాయి.

విల్హెల్మీ 1850లో ఆమ్ల ద్రావణంలో చక్కెర విచ్ఛిన్నమయ్యే వేగాన్ని కొలిచి, దానికి సమీకరణం రాశాడు. 1864లో గుల్డ్‌బెర్గ్, వాగె ద్రవ్యరాశి క్రియా నియమాన్ని ప్రకటించారు. 1887లో ఆస్వాల్డ్, వాంట్ హాఫ్ కలిసి భౌతిక రసాయన శాస్త్రానికే ప్రత్యేకంగా ఒక పత్రిక స్థాపించారు. 1888లో ఆస్వాల్డ్ విలీనతా నియమం, 1889లో అర్హీనియస్, నెర్న్‌స్ట్ సమీకరణాలు వెలువడ్డాయి. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ 1909లో పీహెచ్ స్కేలును ప్రవేశపెట్టాడు. నేటి పాఠ్యపుస్తకంలోని లెక్కల్లో ఎక్కువ భాగం ఈ నూట ఇరవై ఏళ్లలో రూపుదిద్దుకున్నవే. వాటిలో చాలావాటికి లాగరిథమ్ అవసరం కాబట్టి, కాలిక్యులేటర్లు రాకముందు మన కళాశాలల్లో క్లార్క్స్ టేబుల్స్ తప్పనిసరి పుస్తకంగా ఉండేది.

తెలుగువారి పాత్ర

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. నమూనాలో నీలి రంగు తెప్పించి, దాని చిక్కదనాన్ని గాఢత తెలిసిన ద్రావణంతో పోల్చి పరిమాణాన్ని లెక్కగట్టడం ఈ పద్ధతి. రంగు చిక్కదనానికీ గాఢతకూ ఉన్న సంబంధాన్ని బీర్ 1852లోనే చెప్పాడు. ఆ సూత్రాన్ని జీవ రసాయన ప్రయోగశాలల నిత్య పనిముట్టుగా మార్చినవారిలో సుబ్బారావు ఒకరు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్, డిగ్రీ రసాయన శాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చింది. సమతాస్థితి, ఎంట్రోపీ, క్రియాశీలక శక్తి వంటి మాటలతో పల్లె విద్యార్థి కూడా లెక్క చేయగలిగాడు. 1986లో ఎంసెట్ ప్రవేశ పరీక్ష మొదలయ్యాక లెక్క తీరు మారింది. స్టెప్పులు రాసే ప్రశ్న స్థానంలో నిమిషంలో తేల్చాల్సిన బిట్ వచ్చింది. ఉజ్జాయింపు చేసే నేర్పుకు విలువ పెరిగింది.

సాధనలో కీలకాలు

మొదటిది ప్రమాణాలు. మోలార్ ఘనపరిమాణం 22.4 లీటర్లని కంఠస్థం చేసిన విద్యార్థి, అది 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ పీడనం దగ్గరి విలువని గుర్తుంచుకోవాలి. 1982లో ప్రామాణిక పీడనాన్ని 1 బార్‌గా మార్చడంతో అది 22.7 అయింది. 2019 మే 20 నుంచి మోల్ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు.

రెండవది ఉజ్జాయింపు ఎక్కడ చెల్లుతుందో తెలియడం. 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత? సూత్రంలో నేరుగా వేస్తే 8 వస్తుంది. కానీ ఆమ్లాన్ని ఎంత విలీనం చేసినా అది క్షారం కాదు. ఇంత తక్కువ గాఢత దగ్గర నీరు ఇచ్చే హైడ్రోజన్ అయాన్లను వదిలేయకూడదు. వాటిని కలిపి వర్గ సమీకరణం సాధిస్తే అయాన్ల గాఢత 1.05 × 10⁻⁷, పీహెచ్ 6.98 వస్తాయి. వచ్చిన జవాబు నిజంగా సాధ్యమా అని ఆగి చూసుకోవడమే ఈ లెక్క నేర్పే పాఠం.

సూరత్ మిల్లుల్లో

పాలియెస్టర్ బట్టకు డిస్పర్స్ రంగులను సుమారు 130 డిగ్రీల వేడిలో, 4.5 నుంచి 5.5 పీహెచ్ మధ్య ఎక్కిస్తారు. క్షారత పెరిగితే కొన్ని రంగులు జలవిశ్లేషణ చెంది షేడ్ మారిపోతుంది. 100 కిలోల బట్టకు 2 శాతం షేడ్ కావాలంటే 2 కిలోల రంగు పడుతుంది. కిలోకు 10 లీటర్ల చొప్పున 1,000 లీటర్ల నీరు కావాలి. ఆ నీటిని ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేట్ బఫర్‌తో పీహెచ్ 5 దగ్గర నిలపాలనుకుంటే హెండర్సన్ సమీకరణం వాడాలి. ఎసిటిక్ ఆమ్లం పీకేఏ 4.76 కాబట్టి, మోల్‌ల లెక్కన ఒక పాలు ఆమ్లానికి సుమారు 1.74 పాళ్ల లవణం ఉండాలి. ఇంటర్ పాఠ్యపుస్తకంలో దొరికే లెక్కలాంటిదే ఇది, తేడా వస్తే మాత్రం పాడయ్యేది బట్ట.

నేటి స్థితి

జేఈఈ మెయిన్ ప్రవేశ పరీక్ష 2021 నుంచి తెలుగుతో కలిపి 13 భాషల్లో జరుగుతోంది. అయితే తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలకే పరిమితం. గుజరాత్ కేంద్రాల్లో ఇంగ్లిష్, హిందీ, ఉర్దూ, గుజరాతీ మాత్రమే ఉంటాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక బడులు నడుపుతున్నా, అక్కడ చదివిన లింబాయత్ విద్యార్థి ఈ లెక్కలను మరో భాషలో చదివి అర్థం చేసుకోక తప్పదు. అందువల్ల తెలుగు పిల్లలు చదివే ప్రతి రాష్ట్రంలోనూ తెలుగు ప్రశ్నపత్రం అందుబాటులో ఉంచడం న్యాయం. పరీక్షలో కాలిక్యులేటర్‌కు అనుమతి లేదు కాబట్టి, అది వచ్చేలోగా ప్రమాణాలు, లాగరిథమ్‌లు, ఉజ్జాయింపు అనే మూడింటిని మాతృభాషలో గట్టిగా నేర్పితే, ప్రశ్న ఏ భాషలో ఉన్నా విద్యార్థి సాధించగలడు.