పళ్లు చూచి జత కట్టిన సీమ

నల్లమల కొండల తూర్పు వాలున, గుండ్లకమ్మ అడవి విడిచి పల్లమునకు దిగివచ్చు దారి చెంత, మార్కాపురము, కంభము, గిద్దలూరు పట్టణములును వాని చుట్టుపట్ల పల్లెలును ఉన్నవి. 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడువరకు ఇవి కర్నూలు జిల్లాలోనివి. 1972లో ఆ కొత్త జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన కంభం చెరువు క్రింద మాగాణి కొంత కలదు గాని, తక్కినదంతయు వానను బావిని నమ్ముకొన్న మెట్టనేల. ఇట్టి నేలపై బ్రతికిన రైతునకు మంచి ఎద్దుల జత ఆస్తియే గాక ఊరిలో పరువు కూడ.

ఎవరిని ఎవరితో జతపరుపవలె, ఎవరికి ఎదురుగా ఎవరిని నిలుపవలె, పోటీని ఎంతసేపు ఏ వేగమున నడుపవలె అను ప్రశ్నలు నేడు సెల్‌ఫోనులో ఆన్‌లైన్ ఆటలాడు పిల్లల నోట దినదినము వినబడుచున్నవి. ఓడిపోయిన పిల్లవాడు తన చేతిని నిందించుకొనుటకు ముందు, తనను ఆ పోటీలోనికి దింపిన కనబడని కూర్పును నిందించుచున్నాడు. ఈ ప్రశ్నలు ఈ సీమకు కొత్తవి కావు. కంప్యూటరు పేరైనను వినని కర్షకులు బండలాగుడు పందెముల కొరకు వీనికి కనిపెట్టిన సమాధానములను నేటి ఆటల చరిత్ర ప్రక్కన నుంచి చూచినగాని, ఈ ఆగ్రహమునకు మూలమెక్కడ నున్నదో స్పష్టపడదని నా అభిప్రాయము.

మొదటి కూర్పు కాడి క్రిందనే జరుగును. కరెంటు మోటార్లు రాకపూర్వము కపిల బావులపై ఎద్దులు వాలుబాట వెంట దిగుచు తోలుసంచితో నీటిని పైకి లాగి, మరల వెనుకకు నడచి గట్టెక్కుచు, తెల్లవారుజాము మొదలు పొద్దెక్కువరకు పనిచేసెడివి. ఆ పనిలో వలపటెద్దు అడుగు ముందుకు పడి దాపటెద్దు అడుగు వెనుకబడినచో కాడి వంకరపోవును, బరువంతయు ఒక మెడపై పడును, ఆ మెడ కమిలి పుండగును. అందుచేత ఒక ఎద్దు చేతనున్న రైతు దానికి తోడు వెదకునపుడు బలమొక్కటే చూడడు. ఎత్తు, నడక, ఓర్పు, బెదరు స్వభావము, ఏ వైపున కట్టిన కుదురుగా నడుచునో ఆ అలవాటు, ఇవన్నియు చూచును. మిక్కిలి బలిష్ఠములైన రెండు ఎద్దులు ఒక కాడి క్రింద పనికిమాలిన జత కావచ్చుననియు, మధ్యరకపు ఎద్దులు రెండు అడుగు కలిసినచో ఆశ్చర్యకరమైన జత కావచ్చుననియు అతడు అనుభవముచే ఎరుగును.

రెండవ కూర్పు పందెపు మైదానమున జరుగును. తిరునాళ్లకును పండుగలకును జరుగు బండలాగుడు పోటీలలో జతలు ఒకదాని నొకటి ఎదుర్కొనవు. ఒక్కొక్క జత ఒంటరిగా రాగా, అది నియమితమైన బరువుగల రాతిబండను నిర్ణీతమైన నిమిషములలో ఎంత దూరము లాగునో చూచి, ఆ దూరమును అడుగులలోను అంగుళములలోను కొలిచి స్థానములను నిర్ణయింతురు. ఇట్టి పోటీలో లేత గిత్తను ముదురు ఎద్దుతో సమముగా నిలిపిన న్యాయము చెడును. అందుకు వారు కనుగొన్న ఉపాయము పళ్లు చూచుట. పశువునకు ముందువైపు కొరుకుడు పళ్లు క్రింది దవడకే ఉండును; దూడకు అవి ఎనిమిది పాలపళ్లు. ఇంచుమించు రెండేండ్ల ప్రాయమున నడిమి రెండును రాలి పెద్దపళ్లు మొలుచును. ఆపై జతకు జత చొప్పున నాలుగు, ఆరు, ఎనిమిది యగుసరికి నాలుగైదేండ్లు నిండును. దీనిని బట్టియే పాలపళ్ల విభాగము, రెండు పళ్ల విభాగము, నాలుగు పళ్ల విభాగము, ఆరు పళ్ల విభాగము అని తరగతులు ఏర్పడినవి. నోరు నిండిన ఎద్దులకు జూనియర్, సీనియర్ మొదలగు పేర్లతో వేరు విభాగములు కలవు. విభాగము పెరిగినకొలది బండ బరువు పెరుగును.

ఈ పద్ధతిలోని గొప్పతనము దాని సూక్ష్మతలో లేదు. పళ్ల లెక్క స్థూలమైన కొలత. ఒకే విభాగములోని రెండు గిత్తల నడుమ మాసములకు మాసములే తేడా ఉండవచ్చును. దాని గొప్పతనమెల్ల అది బహిరంగముగా జరుగుటలో ఉన్నది. పెదవి విప్పి చూపినపుడు యజమానియు, ప్రతిపక్షియు, నిర్వాహకుడును, గట్టున నిలిచిన పెద్దలును అదే నోటిని చూతురు. సందేహమున్నవాడు అక్కడనే అడుగును. బరువెంతో, సమయమెంతో, బహుమతి యెంతో కరపత్రముపై ముందుగనే అచ్చయి యుండును. ఏ జత ముందు దిగవలెనో చీటీలు తీసి తేల్చుదురు. ఎండ ముదిరిన తరువాత వంతు వచ్చినవాడు నొచ్చుకొనవచ్చును గాని, తనకు తెలియకుండ ఎవరో తనను అచ్చట నిలిపిరని అనుకొనజాలడు.

ఇక నడక విషయము. కాలము కొన్ని నిమిషములే యగుటచే, చూచువారికి ఇది ఆద్యంతము పరుగువలె తోచును. తోలువాని లెక్క వేరు. బండను కదలించుటకు పట్టు బలము వేరు, కదలిన బండను నడుపుటకు పట్టు బలము వేరు. అందుచేత బండ ఆగకుండ చూచుకొనుట అతని మొదటి విధి. బాట చివర బండను మలుపు త్రిప్పునపుడు కాలము వృథాయగును, ఎద్దు ఊపిరియు పోవును. తొలి వరుసలలో జనుల కేకలకు ఉబ్బి చర్నాకోల ఝళిపించినవాని జత చివరి నిమిషములలో నురుగు కక్కి నిలిచిపోవును. మొదట బిగపట్టి, మలుపులలో ఓర్పు చూపి, ఎద్దులు తమంత తాము సాగునట్లు తోలినవాడు చివర నాలుగడుగులు మిగుల్చుకొనును. అయితే ఎద్దునకు ఈ పోటీలో చేరుటకు గాని మానుటకు గాని ఇచ్ఛ లేదు. 2014 మే 7వ తేదీన జల్లికట్టు, ఎడ్లబండ్ల పందెముల విషయమున సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మూగజీవి బాధను న్యాయవిచారణలోనికి తెచ్చినది. కొట్టి లాగించిన గెలుపు గెలుపు కాదని నేనును నమ్ముదును.

దంతములతో కాక గణితముతో తరగతులు కట్టిన వ్యవస్థ చదరంగమున పుట్టినది. హంగేరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రము బోధించిన అర్పాద్ ఎలో రూపొందించిన రేటింగు పద్ధతిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లోను, ప్రపంచ సమాఖ్య 1970లోను స్వీకరించినవి. ఇద్దరి రేటింగుల నడుమ 200 పాయింట్ల తేడా ఉన్నచో, పై వానికి ఇంచుమించు నాలుగింట మూడు వంతుల ఫలితము రావలెనని ఆ లెక్క అంచనా కట్టును. అంచనాకు మించి సాధించినవానికి పాయింట్లు పెరుగును, తగ్గినవానికి తరుగును. 2007లో మన కోనేరు హంపి 2600 దాటినదని, జూడిత్ పోల్గార్ తరువాత ఆ మెట్టెక్కిన రెండవ మహిళ ఆమెయేనని పత్రికలు వ్రాసినపుడు, కాగితము పెన్సిలు గల ఏ పాఠకుడైనను ఆ సంఖ్య ఎట్లు వచ్చెనో తానే సరిచూచుకొనగలిగెను. పళ్లు చూచుటలోని బహిరంగత్వము ఇందును కలదు.

2005లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఎక్స్‌బాక్స్ ఆటల కొరకు ట్రూస్కిల్ అను పద్ధతిని తెచ్చిరి. ఆటగాని సామర్థ్యమునకు ఒక సంఖ్య, ఆ అంచనాపై యంత్రమునకు గల సందేహమునకు మరియొక సంఖ్య ఉండుట అందలి విశేషము. జట్టు బలమును సభ్యుల బలముల మొత్తముగా అది లెక్కించును. ఇది మేధావులు చేసిన మంచి పని యనుటలో సందేహము లేదు. అయినను కాడి క్రింద రెండు ఎద్దుల బలము వాని కూడిక కాదని ఎరిగిన గిద్దలూరు రైతు ఈ లెక్కలో కొరత యెక్కడనో వెంటనే చెప్పగలడు.

2016 సెప్టెంబరులో జియో 4జి వచ్చిన పిదప చౌకయైన డేటా పల్లెలకు చేరినది. 2018లో పబ్జీ మొబైల్ వచ్చినది. నూరుగురు ఒక ద్వీపముపై దిగి, క్రమక్రమముగా కుంచించుకొనిపోవు వలయములో ఒక్కరో ఒక జట్టో మిగులువరకు పోరాడుట ఆ ఆట. ఆ వలయమే అందలి గడియారము: మొదట ఆయుధములు వెదకుకొనుటకు తీరిక నిచ్చి, పిదప అందరిని ఒకచోటికి తరుమును. ఓర్పు లేక జనసమ్మర్దమున దిగినవాడు మొదటి నిమిషముననే పోవును. మరీ దాగినవాడు వలయము వెలుపల చిక్కును. 2020 సెప్టెంబరు 2న ఆ ఆటను కేంద్రప్రభుత్వము నిషేధించినది. 2021 జూలైలో బీజీఎంఐ పేరున అది మరల వచ్చినది.

ఆడు పిల్లలు చెప్పుకొను బాధలు వింతగా పందెపు గట్టుమీది బాధలనే పోలియున్నవి. రాండమ్స్ (ముక్కుమొగము తెలియని తోటివారు) వచ్చిరి, స్క్వాడ్ (జట్టు) కుదరలేదు అనునది జోడు కుదరని కాడి మాట. ర్యాంక్ పుష్ చేయునపుడు, అనగా స్థానము పెంచుకొన యత్నించునపుడు, తనకు మించినవారి లాబీలో (ఆటగుంపులో) పడవేసినదనుట రెండు పళ్ల గిత్తను సీనియర్లలో నిలిపిన మాట. ఆరితేరినవాడు కొత్త ఖాతా తెరచి కొత్తవారిలో కలియుట వయస్సు దాచిన ఎద్దు మాట. పింగ్ ఒక్కటి మాత్రము కొత్త బాధ. సర్వరునకు సందేశము పోయివచ్చు కాలము ఎక్కువైనవాడు, తుపాకి ముందు పేల్చియు తానే చచ్చును.

బాధలు పాతవేయైనపుడు కోపము ఇంత ఎక్కువేల? ఇక్కడ పెదవి విప్పి చూపువారు లేరు. ఏ లెక్కతో తనను ఆ లాబీలో వేసిరో ఆటగానికి తెలియదు; ఎదుట నున్నది మనిషియో, మనిషివలె ఆడు యంత్రమగు బాటో కూడ పలుమార్లు తెలియదు. అనుమానమునకు ఆధారములును లేకపోలేదు. 2017లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అను ఆటల సంస్థ పరిశోధకులు కూడ పాల్గొని ప్రకటించిన ఒక పత్రము, సమానులను కలుపుటకు బదులు, ఆటగాడు ఆట విడిచిపోకుండునట్లు జతలు కూర్చుటను ప్రతిపాదించినది. ఆ సంవత్సరముననే యాక్టివిజన్ అను మరియొక ఆటల సంస్థకు, ఆటగాళ్లను వస్తువుల కొనుగోలుకు ప్రేరేపించునట్లు జతపరచు పద్ధతిపై పేటెంటు లభించినది. దానిని ఏ ఆటలోను వాడలేదని ఆ సంస్థ చెప్పినది. న్యాయముగా మరియొక మాటయు చెప్పవలెను. 2024లో అదే సంస్థ ప్రకటించిన పత్రము ప్రకారము, కూర్పులో సామర్థ్యమునకు ప్రాధాన్యము తగ్గించి చూడగా, అగ్రశ్రేణిలోని పదవ వంతు తప్ప తక్కినవారు ఆటకు తిరిగివచ్చుట తగ్గినది. అనగా సమానులను కలుపుట బలహీనులకు రక్షణ. దానిని తీసివేయుమని గట్టిగా అరచువారు మిక్కిలి బలవంతులు. నా తీర్పు బలహీనుల పక్షమే. అయితే ఆ రక్షణను రహస్యముగా నుంచుట వలన రక్షింపబడినవాడును దానిని నమ్మలేకున్నాడు.

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టము పణమొడ్డి ఆడు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించినది. జత ఎట్లు కూర్చుచున్నారను ప్రశ్న అందులో చోటు చేసికొనలేదు. గుర్తింపు పొందు ప్రతి ఆటయు తన జతకూర్పు సూత్రమును, బాట్లను నిలుపుచున్నచో ఆ సంగతిని, ఆటగానికి తెలియు భాషలో ముందుగా ప్రకటింపవలెనను షరతును అధికారులు చేర్చవలెనని కోరుచున్నాను. తిరునాళ్ల కరపత్రము అచ్చువేయు పల్లె నిర్వాహకుడు చేయుచున్న పనిని మహాసంస్థలు చేయలేకపోవుటకు కారణము లేదు.