మూడు వారాల కిందటి గోలి

2023 డిసెంబర్. ఆదిలాబాద్‌లో రాత్రి రెండు దాటింది. కిటికీలన్నీ బిగించినా చలి వార్డులోకి వస్తూనే ఉంది. మీరు హౌస్ సర్జన్. చేతిలో చాయ్ చల్లారిపోయింది.

మంచం మీద ఇంద్రవెల్లి వైపు నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల అమ్మాయి. ఐదు రోజుల జ్వరం. దుప్పటి తీస్తారు. మెడ నుంచి తొడల దాకా ఎర్రటి దద్దుర్లు. మొహం వాచి కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. దవడ కింద వేలు పెడితే బిళ్లలు తగులుతాయి.

ఈ జిల్లాలో జ్వరమంటే ముందు చూసేది మలేరియా, డెంగీ. చూడాల్సిందే. రెండూ లేవని వచ్చింది. "వైరల్" అని రాసేసి పక్క మంచానికి వెళ్లొచ్చు. అక్కడ ఇద్దరు ఎదురుచూస్తున్నారు.

రాయరు. అడుగుతారు.

"అమ్మా, జ్వరం రాకముందు ఏమన్నా గోలీలు వేసుకుందా? నెల రోజుల్ల?"

"ఏం లేవు బిడ్డా."

అమ్మాయి పెదవులు కదులుతాయి. మీరు వంగి వింటారు. నెలసరప్పుడు కడుపునొప్పికి వేసుకుందట. మూడు వారాలైంది.

తల్లి సంచీ బోర్లిస్తుంది. చిల్లర, ఆధార్ కార్డు, సగం చింపిన స్ట్రిప్. "జ్వరానికి గూడ మిగిలినయి గివే ఇచ్చిన." ఫోన్ లైటు వేసి చదువుతారు. మెఫెనమిక్ యాసిడ్.

ఆ పేరు ఈమధ్యే చూశారు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నవంబర్ 30 తేదీతో ఇచ్చిన హెచ్చరికలో. ఈ మందుతో డ్రెస్ సిండ్రోమ్ రావొచ్చని. దద్దుర్లు, జ్వరంతో మొదలై లోపలి అవయవాలనూ దెబ్బతీసే తీవ్రమైన అలర్జీ అది. గోలి మింగిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో బయటపడుతుంది. అందుకే తల్లికి గుర్తు రాలేదు.

ల్యాబ్ నుంచి ఫోన్. ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు నూటికి పద్దెనిమిది, చాలా ఎక్కువ. కాలేయం దెబ్బతింటోంది. ఈ జబ్బులో నూటికి పది మంది దాకా బతకరు.

నాడి చూస్తారు. నూట ముప్పై. బీపీ పడుతోంది. సెలైన్. సీనియర్‌కు ఫోన్. ఆ గోలి బంద్. స్టెరాయిడ్. ఎంత? ఆయన చెబుతారు. ఎక్కిస్తారు. చూస్తారు. మళ్లీ చూస్తారు.

నాలుగున్నరకు బీపీ నిలబడుతుంది. మీ కాళ్లు అప్పుడు వణుకుతాయి.

ఇంకో పని ఉంది. దుష్ప్రభావాల ఫారం. రోగి పేరు అక్కర్లేదు, పొడి అక్షరాలు చాలు. వయసు, జబ్బు మొదలైన తేదీ, మందు పేరు, మీ వివరాలు. కచ్చితంగా ఈ గోలి వల్లేనా? రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు.

ఇంత ముప్పు మందు అమ్మకానికి రాకముందే తెలియదా? ముందస్తు పరీక్షల్లో దాన్ని వేసుకునేది మహా అయితే కొన్ని వేల మంది. వేలల్లో ఒకరికి వచ్చేది అక్కడ దొరకదు. ఇలాంటి మంచాల దగ్గరే దొరుకుతుంది. మందుల దుష్ప్రభావాలపై నిఘాకు 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ద్వారా మీ కాగితం ఘజియాబాద్‌కు, అక్కణ్నుంచి స్వీడన్‌లోని ఉప్సలాకు, ప్రపంచం నలుమూలల నుంచి చేరిన 3 కోట్లకు పైగా నివేదికల్లోకి వెళుతుంది. ఒక మందు పేరూ ఒక జబ్బు పేరూ మామూలుకన్నా ఎక్కువసార్లు జంటగా కనబడుతున్నాయా అని అక్కడ వెతుకుతారు. నవంబర్ హెచ్చరిక పుట్టింది మన దేశపు నివేదికల నుంచే. ఎవరో ఇలాగే ఒక సంచీ బోర్లించమని అడిగి ఉంటారు.

"మా వాడల ఆడపిల్లలందరు గిదే ఏసుకుంటరు బిడ్డా," అంటుంది తల్లి.

"అందరికీ ఇట్ల కాదమ్మా. దద్దుర్లు, జ్వరం వస్తే మాత్రం గోలి ఆపి వెంటనే దవాఖానకు రావాలె." చీటీ వెనక రాసిస్తారు: 1800-180-3024. రోగులే నేరుగా చెప్పుకునే నంబరు.

ఫారంలో బ్యాచ్ నంబరు గడి మిగిలింది. స్ట్రిప్ చింపినచోట చివరి రెండంకెలు పోయాయి. ఉన్నంతవరకు రాస్తారు.