తృప్తీ మిత్ర: రంగమెక్కిన గృహిణి

కలకత్తాలోని బెంగాల్ థియేటరువారు 1873లో స్త్రీ పాత్రములను స్త్రీలకే యిచ్చిరి. అట్లు రంగమెక్కినవారు వేశ్యావాటికలనుండి వచ్చినవారు. వారి పాటకు కరతాళములు చరచిన పెద్దమనుష్యులే వారిని తమ గడప త్రొక్కనీయరైరి. మనవారీ చిక్కును వేరొక విధముగ తప్పించుకొనిరి. సురభి కుటుంబములలో స్త్రీలే నటించుచున్నను, తక్కిన రంగస్థలమున స్థానం నరసింహారావుగారి సత్యభామను జూచి తృప్తినొందిరి. సంసారస్త్రీ నటింపవచ్చునా యను ప్రశ్నకు మాత్ర మిరుతావులందును చాలకాలము సమాధానము దొరకలేదు.

వంగదేశమున నా సమాధానము కరవునుండి వచ్చెను. 1943లో లక్షలకొలది జనులు తిండిలేక మడిసిరి; కలకత్తా వీధులలో అన్నము కాదు, గంజినీళ్లకై యాచించిరి. విజన్ భట్టాచార్య దీనినే ‘నవాన్న’మను నాటకముగ వ్రాసెను. మన ప్రజానాట్యమండలికి తోబుట్టువగు వంగ ప్రజానాట్యసంఘమువారు దానిని 1944లో ప్రదర్శించిరి. అందు నటించినవారిలో 1925లో దినాజ్‌పూరున పుట్టిన తృప్తీ భాదుడీ యొకతె. ఆ నాటకమున నటికి నగలు లేవు, పట్టుచీర లేదు. చూడవచ్చినవారికి అందము జూచు తీరికయు లేదు. కులస్త్రీకి రంగస్థలమున గౌరవము చిరిగిన చీరతో లభించెనని నా యభిప్రాయము.

ఆ నాటకమునకు దర్శకులలో నొకడగు శంభు మిత్రను ఆమె 1945లో వివాహమాడెను. మరుసటియేడు ఖ్వాజా అహమ్మదు అబ్బాసు తీసిన ‘ధర్తీ కే లాల్’ చిత్రమున దంపతులిరువురు నటించిరి. అది స్టూడియో యజమానులు తీసినది కాదు, ప్రజానాట్యసంఘమే నిర్మించినది.

1948లో ‘బహురూపీ’ నాటకసమాజ మేర్పడెను. 1954లో ఆమె రవీంద్రుని ‘రక్తకరవి’లో నందిని యయ్యెను. అంతకంటె నన్నాకర్షించునది 1958 నాటి ‘పుతుల్ ఖేలా’. ఇబ్సెన్ వ్రాసిన బొమ్మరిల్లు నాటకమే అది. భర్త దర్శకుడు, భార్య, భర్తను విడిచి తలుపు దాటు నాయిక. సంసారస్త్రీలు రంగమెక్కినచో సంసారములు చెడునని వాదించినవారికి ఈ దృశ్యము మింగుడుపడియుండదు.

ఇంత పేరున్నను సినిమా యామెను తరచుగ పిలువలేదు. బహురూపీ జీతములిచ్చు సమాజము కాదు. వృత్తినాటకశాలయగు విశ్వరూపలో ‘సేతు’ నాటకమున నామె నటించుట గొప్పతనమునకు లోపమని నేనెంచను. నటనకు కూలి పుచ్చుకొనుట తప్పెట్లగును? 1959లో తూర్పు పాకిస్తానమున ఏ. జె. కార్దార్ తీసిన ‘జాగో హువా సవేరా’లో ఆమె పల్లెకారుల స్త్రీగా నటించెను. కథ మాణిక్ బంద్యోపాధ్యాయుని నవలనుండి పుట్టినది. సంభాషణలు ఫైజు అహమ్మదు ఫైజువి. సరిహద్దున కావలినుండి వచ్చిన హిందూస్త్రీ పాకిస్తాను చిత్రమునకు నాయిక యగుట నేడు తలచుకొన్న నాశ్చర్యమే. ఆ చిత్రమునకు మాస్కోలో బహుమానము వచ్చెను. స్వదేశమున నాదరణ కరవయ్యెను.

1962లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1971లో పద్మశ్రీయు ఆమెకు లభించెను. ఋత్విక్ ఘటక్ 1974లో పూర్తిచేసిన తన కడపటి చిత్రమున త్రాగుబోతు మేధావి పాత్రము తానే ధరించి, అతని భార్య దుర్గ పాత్రమును తృప్తీదేవి కిచ్చెను. దుర్గయు కొడుకును వెంటబెట్టుకొని యిల్లు విడిచిపోవునదే. తృప్తీదేవి 1989లో మరణించెను. అప్పటికే కుమార్తె శాంవలీ మిత్ర ద్రౌపది కథను తానే వ్రాసి, ‘నాథవతీ అనాథవత్’ అను పేర నొంటరిగ ప్రదర్శించుచుండెను.