లీడా ముఖం ఎవరిది?

బెర్లిన్‌లోని గెమాల్డెగాలరీ మ్యూజియంలో ఒక పెద్ద బొమ్మ ఉంది. అడవిలో, నీటి ఒడ్డున, చెట్టు కింద లీడా కూర్చుని ఉంటుంది. ఒళ్లో తెల్లటి హంస. ఆ హంస జూపిటర్, రోమన్ దేవతల రాజు. దాని పొడుగాటి మెడ ఆమె గుండెల మీదుగా పైకి పాకి, ముక్కు దాదాపు పెదాల దాకా వస్తుంది. ఆమె తల కాస్త వంచి, అరమోడ్పు కళ్లతో కిందికి చూస్తోంది. వేసింది ఇటలీ చిత్రకారుడు కొరెజ్జో, 1530 దరిదాపుల్లో. కానీ ఆ ముఖం మాత్రం ఆయన వేసింది కాదు.

మాంటువా పాలకుడు ఫెడెరికో గొంజాగా కోసం కొరెజ్జో జూపిటర్ ప్రేమకథలు నాలుగు వేశాడు: లీడా, డానయే, ఇయో, గానిమీడ్. వీటిలో ఇయో దగ్గర కాసేపు ఆగాలి. నిలువుగా సన్నగా ఉండే ఆ బొమ్మ ఇప్పుడు వియన్నాలో ఉంది. ఆమె వీపు మనవైపు, తల వెనక్కి వాల్చి ఉంటుంది. చుట్టూ బూడిదరంగు మబ్బు. జాగ్రత్తగా చూస్తే ఆ మబ్బులో ఓ ముఖం, ఆమెని ముద్దు పెట్టుకుంటూ. నడుం చుట్టూ మబ్బుతోనే చేసిన ఒక మొద్దు చెయ్యి. పొగకి బరువుంటుందని, అది ఒంటికి తగిలితే చల్లగా ఉంటుందని మనకి అనిపించేలా వేశాడు. ఈ పని చాలామందికి చేతకాదు.

అయితే ఈ కథ ఓవిడ్‌లో ఇలా లేదు. అక్కడ ఇయో పారిపోతుంది. జూపిటర్ నేలంతా చీకటి కమ్మేలా చేసి ఆమెని పట్టుకుంటాడు. తర్వాత జూనో వస్తోందని తెలిసి ఆమెని ఆవుగా మార్చేస్తాడు. అంటే తప్పు దేవుడిది, కొమ్ములు ఆమెకి. అహల్య కథ విన్నవాళ్లకి ఇది కొత్తేం కాదు. కొరెజ్జో ఆ పరుగంతా తీసేశాడు. మబ్బుని వేటకి ముసుగుగా కాకుండా కౌగిలిగా మార్చి, ఆమె ముఖంలో పరవశం పెట్టాడు. ఒక స్త్రీ సుఖాన్ని ఇంత దగ్గరగా చూసిన బొమ్మ అని మెచ్చుకోవచ్చు. బలవంతాన్ని రాజుగారి గదికి పనికొచ్చేలా తియ్యగా చేశాడని కూడా అనొచ్చు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి, ఒకదాన్ని ఇంకోటి కొట్టెయ్యదు.

లీడా బొమ్మ చాలా ఊళ్లు తిరిగింది. స్పెయిన్, అక్కణ్ణుంచి ప్రాగ్‌లో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి దగ్గరికి. 1648లో స్వీడన్ సైన్యం ప్రాగ్‌ని దోచుకున్నప్పుడు రాణి క్రిస్టీనా చేతికి, ఆమెతో రోముకి. 1721లో ఫ్రాన్స్ రాజప్రతినిధి, ఓర్లియాన్స్ డ్యూక్ ఫిలిప్ కొన్నాడు. రెండేళ్లకి ఆయన పోయాడు. కొడుకు లూయీ మహా భక్తుడు. ఆయనకి ఈ బొమ్మ భరించరానిదయింది. ఓ రోజు కత్తి తీసుకుని కోసేశాడు.

ముక్కల్ని చిత్రకారుడు కోయ్‌పెల్ దక్కించుకుని మళ్లీ అతికించాడు. లీడా తల మాత్రం లేదు. ఆ ఇంట్లోనే ఉన్న ఇయో నకలుకీ తల పోయింది.

ఇక్కడే నాకో అనుమానం. ఆయన్ని కంగారుపెట్టింది నగ్నత్వం కాదేమో. ఒళ్లు అతుక్కుంది, హంస అతుక్కుంది. లేకుండా పోయినవి రెండూ ఆడవాళ్ల ముఖాలు. వాళ్లు బాధపడుతున్నట్టు వేసి ఉంటే ఆ బొమ్మలు గోడ మీదే ఉండేవేమో. యూరప్ రాజభవనాల్లో ఏడుస్తున్న నగ్న స్త్రీల బొమ్మలకి కొదవేం లేదు.

1755లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ దాన్ని కొన్నాడు. మధ్యలో నెపోలియన్ పారిస్ పట్టుకుపోతే మళ్లీ తిరిగొచ్చింది. ఇవాళ మనం చూసే తల 1830ల్లో ష్లెసింగర్ అనే చిత్రకారుడు వేసింది. అందంగానే ఉంది, కాస్త బుద్ధిగా. కత్తి పడకముందు వేసిన నకళ్లు ఉన్నాయి కాబట్టి అసలు తల ఎటు వంగి ఉండేదో తెలుస్తుంది. ఆ పెదాల మీద కొరెజ్జో కుంచె ఏం చేసిందో నకలు చెప్పలేదు కదా.

ఆ బొమ్మ తెరిచినప్పుడల్లా నేను మధ్యలో ముఖాన్ని దాటేసి కుడివైపుకి పోతాను. అక్కడ నీళ్లలో ఓ చిన్నపిల్ల మీదికొస్తున్న హంసని చేత్తో తోస్తోంది. ఆ పక్కనే ఇంకొకామెకి చెలికత్తె బట్ట కప్పుతోంది. ఆమె తల తిప్పి, ఎగిరిపోతున్న హంసవైపు చూస్తోంది.